మలబద్ధక పండితుడు

ఉద్యోగ విరమణ చేసి, ఉదయపు నడకకు మిత్రబృందాన్ని కుదుర్చుకొన్న మధ్యతరగతి తెలుగు గృహస్థులలో మలబద్ధక పండితుడు అనదగిన వ్యక్తి ఒక్కడైనా ఉంటాడు. సామాన్యునికి మలబద్ధకం బాధ మాత్రమే కాగా పండితునికి అది పరిశోధనాంశం, "బాగున్నారా?" అని మర్యాదకు అడిగినవారికి సైతం ఆయన "ఏం బాగండీ, మోషన్ ఫ్రీగా కావడం లేదు" అని ఆరంభించి, పార్కు చుట్టూ మూడు ప్రదక్షిణలు పూర్తయ్యే వరకు విడిచిపెట్టడు.

వారానికి మూడుసార్ల కంటే తక్కువగా విరేచనం కావడం, ముక్కవలసి రావడం, అయిన తరువాత కూడా కడుపు ఖాళీ అయినట్లు తోచకపోవడం వంటి లక్షణాలు నెలల తరబడి కొనసాగితే వైద్యులు దానిని దీర్ఘకాలిక మలబద్ధకమంటారు. పండితుడు ఇంత ఉదారమైన నిర్వచనాన్ని అంగీకరించడు. ఆరు గంటలకు కావలసినది ఏడింటికి అయినా ఆయన లెక్కలో అది వ్యాధే. మలాన్ని ఆకృతినిబట్టి 7 రకాలుగా వర్గీకరించిన బ్రిస్టల్ పట్టిక ఆయనకు కంఠస్థం కావడంవల్ల, ఇడ్లీలు వడ్డించిన వేళ దానిని ఉదాహరించరాదని ఇంట్లో శాసనం అమలులో ఉన్నది. ఇసబ్గోల్ పొట్టు, సునాముఖి ఆకు, ఆముదం, కరక్కాయ తానికాయ ఉసిరికాయల పొడులు కలిపిన త్రిఫల చూర్ణం, అన్నీ ఆయన వాడి చూసినవే. అయితే పచారీ కొట్టులో దొరికే మందు కథకు శ్రోతలు ఉండరు గనుక ఏదీ ఎక్కువకాలం సాగలేదు.

ఈ లోటును ఆక్యుపంక్చర్ తీర్చింది. "చీ" అనే ప్రాణశక్తి దేహంలోని మార్గాల వెంట ప్రవహిస్తుందని భావించి, ఆ దారిలోని నిర్ణీత స్థానాలలో సన్నని సూదులు గుచ్చే ఈ చైనా వైద్యంలో, మలబద్ధకానికి వాడే ముఖ్యస్థానం నాభికి ఇరువైపులా రెండేసి బొటనవేళ్ల వెడల్పు దూరాన ఉంటుంది. దానిని పండితుడు చొక్కా ఎత్తి మరీ కొలిచి చూపుతాడు. 1971లో పెకింగ్‌లో అపెండిక్స్ ఆపరేషన్ జరిగిన అమెరికన్ పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్‌కు ఆ తరువాత కలిగిన కడుపు ఉబ్బరానికి మాత్రమే సూదులు గుచ్చగా, పండితుని కథనంలో ఆపరేషనే సూదులతో జరిగిపోతుంది.

ఆయన చేతిలోని బ్రహ్మాస్త్రం 2016లో వెలువడిన చైనా పరిశోధన. 15 ఆసుపత్రులలో 1,075 మంది రోగులను రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి 8 వారాలలో 28 విడతలుగా, సూదులకు స్వల్ప విద్యుత్తును జతచేసి చికిత్స చేయగా, వారిలో 31.3 శాతం మందికి వారానికి మూడుసార్లు, అంతకు మించి సంపూర్ణ విరేచనం సాధ్యపడింది. ఉత్తుత్తి సూదులు పొందిన రెండో వర్గంలో ఆ సంఖ్య 12.1 శాతం. వైద్యానికి ఇది గణనీయమైన ఫలితమే, తోసిపుచ్చదగినది కాదు. కానీ మిగిలిన మూడింట రెండు వంతులమంది మాట పండితుడు ఎత్తడు. అయిదో విడతకే తాను మానివేసిన సంగతి అసలే ఎత్తడు. అలా మానడానికి కారణం సూదుల నొప్పి కాదు, ఏయే మాత్రలు వాడుతున్నారని చికిత్సకుడు అడిగిన ప్రశ్న. బలానికని ఎవరినీ అడగకుండా కొని ఏళ్లతరబడి మింగుతున్న ఐరన్, కాల్షియం మాత్రలు రెండూ మలబద్ధకాన్ని కలిగించగలవు.