ఆరువేల వీరులకు అభినందనలు

మొత్తానికి ‘డీడీఆర్5-6000’ ర్యామ్ కొనేశారు. రంగురంగుల లైట్లు, పైన తళతళలాడే రేకు... శుభం! ఇంటికి తెచ్చి బోర్డులో గుచ్చాక అది చాలామటుకు 4800 దగ్గరే నింపాదిగా నడుస్తుంది. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది. బయోస్‌లోకి వెళ్లి ఇంటెల్ వారి ఎక్స్ఎంపీనో, ఏఎండీ వారి ఎక్స్‌పోనో ఆన్ చేస్తే తప్ప మీరు డబ్బు పోసి కొన్న వేగం నిద్ర లేవదు.

సరే, ఆన్ చేశారు. ఆ క్షణం నుంచి మీరు ఓవర్‌క్లాకర్లు. రైజెన్ 7000 ప్రాసెసర్లకు ఏఎండీ పూచీపడ్డ మెమరీ వేగం 5200. ఎక్స్‌పోతో అంతకుమించి తోలితే అది ఓవర్‌క్లాకింగేననీ, దానివల్ల కలిగే నష్టానికి వారంటీ వర్తించదనీ చిన్న అక్షరాల్లో చెప్పేసింది. మీట పెట్టిందీ వారే, దానికి ప్రచారం చేసిందీ వారే, నొక్కితే మాకు సంబంధం లేదన్నదీ వారే.

పోనీ, ఖాళీగా ఉన్న రెండు స్లాట్లూ నింపేద్దామనుకున్నారా? నాలుగు స్టిక్కులకు ఆ కంపెనీ ఇచ్చే హామీ 3600. రెట్టింపు డబ్బు పెట్టి వేగం తగ్గించుకునే భాగ్యం అందరికీ దక్కుతుందా!

ఇంతకీ ఏమిటా ఆరువేలు? ‘‘6000 మెగాహెర్ట్జ్ సార్!’’ అంటాడు కొట్టతను. అసలు క్లాక్ నడిచేది 3000 మెగాహెర్ట్జ్‌లోనే. ఒక్కో టిక్కుకు రెండుసార్లు డేటా వెళ్తుంది గనుక రెట్టించి అచ్చేశారు. పక్కనే సన్నగా సీఎల్30 అని ఉంటుంది. డేటా అడిగాక ఎన్ని టిక్కులు కాచుకోవాలో చెప్పే అంకె అది. దాని సంగతి ఎవరూ అడగరు. లెక్క కట్టండి: అడిగిన డేటాలో మొదటి ముక్క కదలడానికి 10 నానోసెకన్లు. డీడీఆర్4-3200 సీఎల్16కూ 10. డీడీఆర్3-1600 సీఎల్8కీ 10. ఎప్పటిదో డీడీఆర్-400 సీఎల్2కీ అదే 10! ఒక్క వాయిదాలో వచ్చే సరుకు పెరిగిన మాట నిజమే. కాచుకునే సమయం మాత్రం తరాలు మారినా కదల్లేదు. చవకని సీఎల్40 తెచ్చుకుంటే 13 దాటుతుంది. కొత్త సరుకు కొనుక్కుని మరీ ఎక్కువసేపు కాచుకోవచ్చు!

ఇక ఆపరేటింగ్ సిస్టమ్ దొరగారు. పాత 32 బిట్ విండోస్ 7లో 8 జీబీ గుచ్చినా ఆయన 4 దాటి చూడరు. అందులోనూ గ్రాఫిక్స్ వగైరాల వాటా పోను మీ చేతికొచ్చేది మూడూ చిల్లర. 64 బిట్ వేస్తే? హోమ్ బేసిక్‌కు 8, హోమ్ ప్రీమియంకు 16, ప్రొఫెషనల్‌కు 192 జీబీ. చిప్పులు అవే, బోర్డు అదే. గీత గీసింది లైసెన్సు.

పని చేసుకోవాలనుకునే అల్పజీవులు మదర్‌బోర్డు కంపెనీ పరీక్షించి ఇచ్చిన ర్యామ్‌ల జాబితా చూసి, ఒకే కిట్‌లోని రెండు స్టిక్కులు కొనుక్కుంటారు. వీరుడికి అవన్నీ ఎందుకు? వోల్టేజీ పెంచి, టైమింగులు బిగించి 6400కు లాగుతాడు. ఎక్కడో ఒక్క బిట్ తిరగబడుతుంది. కంప్యూటర్ వెంటనే ఆగిపోతే అదృష్టమే. ఆగకపోతే ఆ తప్పునే బుద్ధిగా డిస్కులో రాసుకుంటూ పోయి, ఓ రోజు నీలితెర దించుతుంది. తిట్లన్నీ విండోస్‌కు! రాత్రంతా మెమ్‌టెస్ట్86 నడిపితే దోషి ఎవరో తేలుతుంది గానీ, అంత ఓపికెక్కడిది? స్క్రీన్‌షాట్ తీసేంతసేపు యంత్రం నిలబడింది. స్నేహితులకు పంపడానికి అది చాలదూ!