రెండో నంబరు గది తలుపు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక:

అరకు లోయలో, స్టేషను నుంచి ఆటోలో పది నిమిషాలు వెళితే నాలుగు గదుల బస ఒకటుంది. పేరు చెప్పను. చెబితే వచ్చే ఏడు నాకు గది దొరకదు. యజమాని ఆ ఊరి గిరిజనుడే, తెలుగు పండితుడిగా రిటైరైన మాస్టారు. భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా చూసే 1/70 చట్టం ఉన్నచోట స్థలం గిరిజనుడిదే కావడంలో వింత లేదు. గది తలుపు మీది నోటీసు బోర్డు ఆటవెలదిలో ఉండడమే వింత. వచనంలో రాస్తే ఎవరూ చదవరని ఆయన అనుభవం. పద్యంలో రాసినా చదవరని నా అనుభవం. అందుకే ఈ వ్యాఖ్యానం.

మూలం:

వేడినీళ్ళు కలవు వేకువ జామున
పొయ్యికున్న కట్టె పొడిగనున్న
వాన వచ్చెనేని వాకిట కుర్చీలు
లోన పెట్టవలయు లోకులార

కాలనిర్ణయం: బోర్డు వెనక దన్నుగా పెట్టిన కేలండరు అట్ట 2017 నాటిది. కనుక పద్యం అంతకు ముందుది కాదు. విశాఖ నుంచి వచ్చే కిరండూల్ రైలుకు అద్దాల పెట్టె తగిలించింది కూడా ఆ ఏడాది ఏప్రిల్‌లోనే. అంతకుముందు చలికాలంలో మంచుకూ వలిసె పూలకూ మాత్రమే జనం వచ్చేవారనీ, ఆ తర్వాత ఎండాకాలంలోనూ గదులు నిండుతున్నాయనీ మాస్టారు అంటారు. చలికాలపు అతిథికి వాన సంగతి చెప్పనక్కర్లేదు. కాబట్టి ఇది వసంతకాలపు అతిథి కోసమే పుట్టిన పద్యం.

మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ పాతకాలపు వ్యాఖ్యాత మల్లినాథసూరి మాట ఇచ్చాడు. ఆయనది మెదకు సీమలోని కొల్చారం. అరకులో వానకు చిక్కుకున్నవాడు అలాంటి మాట ఇవ్వలేడు.

టీక:

వేడినీళ్ళు = కాగులో కాగి, కొంచెం పొగవాసన పట్టిన నీళ్ళు; కలవు = ఉన్నవి (ఈ క్రియను ఇప్పుడే నమ్మరాదు); వేకువ జామున = తెల్లవారుజామున, లోకవ్యవహారంలో ఏడున్నరకు; పొయ్యికున్న కట్టె = పొయ్యిలోకి తెచ్చి ఉంచిన కట్టె; పొడిగనున్న = పొడిగా ఉన్నట్లయితే; వాన వచ్చెనేని = వాన వస్తే; వాకిట కుర్చీలు = ప్లాస్టిక్‌వి మూడు, ఇనుప మడతకుర్చీ ఒకటి; లోన = వసారాలో; పెట్టవలయు = పెట్టాలి (ఎవరు? ముందు చూడండి); లోకులార = ఓ జనులారా.

విశేషాలు:

గదిలో గీజరు ఉండగా పొయ్యి ఎందుకని శంక. గోడకు గీజరు ఉన్నమాట నిజమే. కానీ చైత్ర వైశాఖాల్లో పగలంతా కొండలు కాగుతాయి, బంగాళాఖాతం మీది తేమగాలి పైకి ఎక్కుతుంది, మూడు గంటలకల్లా గాలికొండ వైపు మబ్బు గోడలా లేస్తుంది. మొదటి ఉరుముకు కరెంటు పోతుంది. తిరిగి ఎప్పుడొస్తుందో లైన్‌మన్‌కే తెలియదు. కనుక ఈ కావ్యంలో గీజరు అలంకారం, పొయ్యి వస్తువు.

పద్యానికి ప్రాణం రెండో పాదం చివరి "ఉన్న". మొదటి పాదం చదివి తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరేవాడు సగం పద్యం చదివినవాడు. కట్టె అంటే ఇక్కడ సిల్వర్ ఓక్ కొమ్మలు. కాఫీ తోటల్లో నీడ కోసం పెంచి, కాండానికి మిరియాల తీగ పాకించే చెట్లు అవి. కొట్టిన కొమ్మల్ని పొయ్యి పక్కన రేకుల కింద పేరుస్తారు. ఈదురుగాలి వాన నిటారుగా పడదు, పక్కవాటుగా కొడుతుంది. రేకు పైన ఉంటుంది, వాన కింద ఉంటుంది. రెండో రోజు పొద్దున వంటామె పొయ్యి ముందు గొంతుకూర్చుని ఊదుతుంటే కట్టె కొసన నీరు బుడగలు కట్టి చుయ్‌మంటోంది. పొగ మాత్రం పుష్కలంగా వచ్చింది. ఆ రోజు నేను స్నానం చేయలేదు. పద్యం అబద్ధం చెప్పలేదు.

ఇక వాన. "వచ్చెనేని" అన్నది భయమా, ఆశా? పర్యాటకుడు భయమంటాడు. బొర్రా గుహలకు జీపు మాట్లాడుకుని వసారాలో కూర్చున్నవాడికి మరో అర్థం తోచదు. ఊళ్ళో చింతపండు ఆరబోసుకున్న వాళ్ళదీ అదే అర్థం. కానీ కవికి ఇంటి వెనక కొంచెం కాఫీ తోట ఉంది. మార్చి, ఏప్రిల్‌లలో ఒక మంచి వాన పడితే గానీ కాఫీ మొగ్గ కదలదు. పడ్డాక ఎనిమిది, పది రోజులకు తోటంతా ఒక్కసారి తెల్లగా విచ్చుకుంటుంది, మల్లెల్లాంటి వాసన. మూడు నాలుగు రోజుల్లో గోధుమరంగు తిరిగి వాడిపోతుంది. ఆ మొదటి వానను పూత వాన అంటారు. అది రాకపోయినా, వచ్చాక కాయ పట్టడానికి మరో వాన పడకపోయినా, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన అరకు అరబికా గింజ ఆ చెట్టుకు పట్టదు. కట్టెను తడిపేదీ, పూతను తెచ్చేదీ ఒకే వాన. కనుక "ఏని" దగ్గర కవి గొంతు వణికిందా, ఆశపడిందా అని మాస్టారినే అడిగాను. "ఛందస్సుకు సరిపోయింది బాబూ" అన్నారు. కవులు ఎక్కడైనా ఇంతే.

"పెట్టవలయు" అన్న క్రియకు కర్త లేడు. బస వాళ్ళే పెట్టాలని పూర్వపక్షం. డబ్బు కట్టింది మేము కాబట్టి నేనూ మొదట ఆ పక్షమే. శనివారం సాయంత్రం నాలుగింటికి సందేహం తీరింది. ఫోనులో పిడుగుల హెచ్చరిక మోగింది. పనసచెట్టు ఆకులు తిరగబడ్డాయి. వంటామె పెరట్లో చింతపండు చాప చుడుతూ, తల తిప్పకుండానే "వోన వొచ్చెస్తంది బాబూ, కుర్చీలు లాగెయ్యండి" అని కేకేసింది. నేను లాగాను. మూడు ప్లాస్టిక్‌వి ఒకదాంట్లో ఒకటి దూరి తేలిగ్గా వచ్చాయి. ఇనుపది మడత పడలేదు, వేలు నలిగింది. కనుక కర్త అతిథే అని సిద్ధాంతం. సంబోధన కూడా అతిథికే ఉంది కదా.

కానీ "అతిథులార" అనక "లోకులార" అన్నాడేం? గణాలు దానికీ సరిపోతాయి. అయితే "లోన"కు "అతిథి"తో యతి కుదరదు. యతి కోసం అతిథిని వదులుకున్నాడని లాక్షణికులు అంటారు. నాకు మరొకటి తోస్తోంది. తిథి చూసుకోకుండా వచ్చేవాడు అతిథి. మేము పన్నెండు రోజుల ముందే తారీఖు వేసి, గది బుక్ చేసుకుని, అడ్వాన్సు పంపి వచ్చాం. ఆ ఇంటికి తిథి లేకుండా వచ్చి, కుర్చీలన్నీ ఖాళీ చేయించింది వాన ఒక్కటే. కవి ఆ మాటను దానికి అట్టే పెట్టాడు.

మూడో పాదంలో "వాకిటి కుర్చీలు" అని పాఠాంతరం ఉంది. నాలుగో నంబరు గది బోర్డు మీద అలాగే రాశారు. అర్థంలో పెద్ద తేడా లేదు. నాలుగో గది కప్పు కారుతుంది.

తాత్పర్యం:

కట్టె పొడిగా ఉంటే పొద్దున్నే వేడినీళ్ళు ఇస్తాము. వానొస్తే కుర్చీలు మీరే లోపల పెట్టుకోండి.

మూడో రోజు తెల్లవారేసరికి ఎండ కాసింది. కట్టె పొడిగానే ఉంది, పొయ్యి చక్కగా మండింది. మోటారుకు కరెంటు లేక ట్యాంకులో నీళ్ళు లేవు. దీని గురించి పద్యంలో ఏమీ చెప్పలేదు.