కూర్చున్నవాడే మొనగాడు

భారత క్రికెట్ బోర్డు సెలెక్షన్ కమిటీలో ఉండేది ఐదుగురే. పాపం, చిన్న సంస్థ. మన బహ్రెయిన్‌లో గుదైబియా సందుల్లో ఏ బ్యాచిలర్ ఫ్లాట్ తలుపైనా తట్టి చూడండి, ఎనిమిది మంచాలకి ఎనిమిదిమంది సెలెక్టర్లు. జీతం అడగరు, బత్తా అడగరు. మ్యాచ్ చూడ్డానికి కావలసిన ప్యాకేజీ డబ్బులు కూడా తలా ఇంతని సొంత జేబులోంచే తీస్తారు. బోర్డువాళ్లు ఒక రంజీ కుర్రాణ్ణి చూడాలంటే ఊరూరా ఎండలో తిరగాలి. వీళ్లు ఏ ఊరూ వెళ్లనక్కర్లేదు, ఎవరి ఆటా చూడనక్కర్లేదు. చూడకుండానే తెలుసుకునే ఈ విద్య ఏ జన్మ సుకృతమోగానీ, ఆ మహానుభావులకి ముందుగా ఒక దండం పెట్టి మొదలుపెడతాను.

వాళ్ల కష్టం సామాన్యమైనది కాదు. మన దేశంలో తొమ్మిదిన్నరకి మొదలయ్యే టెస్టు ఇక్కడి గడియారంలో ఏడింటికే మొదలవుతుంది. అంటే ఆరున్నరకి టాస్. సైటు బస్సు ఎక్కేలోపు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ, పదకొండుమంది పేర్లు ఖరారు చేసెయ్యాలి. కెప్టెన్ చదివిన జాబితా తమ జాబితాతో కలవకపోతే ఆ రోజంతా సిత్రాలో వెల్డింగ్ చేస్తున్నా, సీఫ్‌లో చల్లటి ఆఫీసులో లెక్కలు రాస్తున్నా, మనసు మనసులో ఉండదు. పొరపాటు దేశానిది, బాధ వీళ్లది.

ఇక నిష్పక్షపాతం. వీళ్లు ఆటగాణ్ణి ఆటని బట్టే చూస్తారు. ముందు ఏ ఊరో కనుక్కుంటారు, అంతే. విశాఖవాడైతే విశాఖవాళ్లకి అతని ఫుట్‌వర్క్‌లో ఒక అందం కనిపిస్తుంది, అదే ఫుట్‌వర్క్‌లో కరీంనగర్ మంచానికి ఒక లోపం కనిపిస్తుంది. మరికొందరికి ఇంటిపేరు కూడా తెలిశాక ఆట ఇంకా బాగా అర్థమవుతుంది. ఇది పక్షపాతం అనేవాళ్లుంటారు. కాదు, లోతైన పరిశోధన.

ఈ పరిశోధన పరాకాష్ఠకి చేరిన సందర్భం వికెట్ కీపర్ వ్యవహారం. 2022 డిసెంబరు 30న రిషభ్ పంత్ కారు ప్రమాదానికి గురయ్యాడు. టెస్టు జట్టులో కీపర్ చోటు ఖాళీ అయింది. ఎదురుగా ఇద్దరు. ఒకడు విశాఖపట్నం కోన శ్రీకర్ భరత్. 2015లో ఒంగోలులో గోవా మీద 308 కొట్టి, రంజీలో ట్రిపుల్ సెంచరీ చేసిన మొదటి వికెట్ కీపర్ అనిపించుకున్నవాడు. రెండోవాడు ఇషాన్ కిషన్. అంతకు మూడు వారాల ముందే చట్టోగ్రామ్‌లో బంగ్లాదేశ్ మీద వన్డేలో 131 బంతుల్లో 210 బాదినవాడు. ఇంకేముంది, ఫ్లాటు రెండు పార్టీలైంది. ఒకరు 308 అంటారు, ఒకరు 210 అంటారు. కావలసింది కీపర్ కదా, గ్లౌజుల సంగతేమిటని అడిగిన అజ్ఞాని ఆ రాత్రి వంట వంతు తనది కాకపోయినా గిన్నెలు తోమాడు.

2023 ఫిబ్రవరిలో నాగపూర్‌లో భరత్ తొలి టెస్టు ఆడాడు. ఆస్ట్రేలియాతో నాలుగు టెస్టులు. నాగపూర్, ఢిల్లీ, ఇండోర్‌లలో బంతి గిర్రున తిరుగుతోంది, ఒకటి మోకాలి ఎత్తుకి లేస్తే ఇంకొకటి చీలమండ దగ్గరే పాకుతోంది. అశ్విన్, జడేజా, అక్షర్ వేస్తుంటే వికెట్లకి ఆనుకుని కూర్చుని రోజంతా గుంజీలు తీసే ఉద్యోగం అది. మన సెలెక్టర్లు ఆ వైపు కళ్లెత్తి చూడలేదు. అది వాళ్ల ఏకాగ్రత. కీపర్‌ని చూస్తే పరుగుల మీద ధ్యాస చెదిరిపోతుంది. నాలుగు టెస్టుల్లో అతను చేసినవి 101 అని మాత్రం కాగితం చూడకుండా చెప్పగలరు. అహ్మదాబాద్‌లో కొట్టిన 44 అందులోదే.

అంతకు ముందూ ఒక ముచ్చటుంది. 2021 నవంబరులో కాన్పూర్‌లో న్యూజిలాండ్‌తో టెస్టు, కీపర్ సాహాకి మెడ పట్టేసింది. సబ్‌స్టిట్యూట్‌గా భరత్ గ్లౌజులు తొడుక్కున్నాడు. అశ్విన్ బంతి కిందికుండిపోతే విల్ యంగ్ బ్యాటు అంచు తాకి నేల మీదికి వస్తున్నదాన్ని ఒడిసి పట్టాడు. 95 మీదున్న లేథమ్‌ని స్టంపౌట్ చేశాడు. సబ్‌స్టిట్యూట్ పట్టింది కాబట్టి ఆ క్యాచ్ అతని కెరీర్ ఖాతాలో పడదు. మన కమిటీ ఈ విషయంలో ఐసీసీతో పూర్తిగా ఏకీభవిస్తుంది. ఖాతాలో లేనిది జరగనట్టే.

అసలు పరీక్ష 2023 జూన్‌లో, ఓవల్‌లో, ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్. బుధవారం మొదలైంది. తుది జట్టులో భరత్ పేరు వినగానే విశాఖ పార్టీ ఫ్లాటంతటికీ స్వీట్లు పంచింది. మూడో రోజు శుక్రవారం, మనకి సెలవు, ఆట పన్నెండున్నరకి. బిర్యానీ ఆర్డరిచ్చి అందరూ టీవీ ముందు చేరారు. తొలి ఓవర్లోనే బోలాండ్ బంతికి భరత్ బౌల్డ్, 5 పరుగులు. బిర్యానీ ఇంకా దారిలోనే ఉంది, తీర్పు వచ్చేసింది. "నేను ముందునుంచీ చెప్తూనే ఉన్నానన్నా, వీడికి టెంపర్‌మెంట్ లేదు" అన్నది ఎవరనుకున్నారు? బుధవారం స్వీట్లు పంచినాయనే. తన అభిప్రాయాన్ని దిద్దుకోవడంలో ఇంత వేగం హైకోర్టులకి ఉంటే పెండింగ్ కేసులుండేవి కావు.

ఆ ఇన్నింగ్స్‌లో రోహిత్ 15, గిల్ 13, పుజారా 14, కోహ్లీ 14. నలుగురు దిగ్గజాలూ కలిసి చేసినవి 56. అప్పటికి ప్రపంచంలో నంబర్ వన్ బౌలరైన అశ్విన్‌ని అసలు ఆడించనే లేదు. చివరికి 209 పరుగుల తేడాతో ఓడాం. ఇవన్నీ పెద్దల సంగతులు, పెద్దలని ఏమీ అనకూడదని మన సంప్రదాయం. దొరికినవాణ్ణే అనాలి. పైగా ఆ మ్యాచ్ మొత్తంలో ఒక్క తప్పూ చేయని భారత ఆటగాడు ఇషాన్ కిషన్ అని ఆ శుక్రవారం ఏకగ్రీవంగా తేలింది. అతను ఆడలేదు.

ఇక్కడే మన కమిటీ కనిపెట్టిన మహా సూత్రం ఉంది. బెంచీ మీద కూర్చున్నవాడు ఎన్నడూ బౌల్డ్ కాడు, క్యాచ్ వదలడు, సగటు తగ్గదు. 2019 ప్రపంచకప్పుకి ఇదే సూత్రంతో అంబటి రాయుడు వీళ్ల చేతుల్లో అమరుడయ్యాడు. జట్టు ప్రకటించిన చీఫ్ సెలెక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్ గుంటూరువాడు, జట్టులో చోటు దక్కని రాయుడూ గుంటూరులోనే పుట్టినవాడు. మనోడే మనోణ్ణి తీసేస్తే ఎవరివైపు ఉండాలో తెలియక సల్మానియాలో పెద్ద పెద్ద మేధావులు రెండు పూటలు అన్నం మానేశారు. ఆ తర్వాత సూత్రం గుర్తొచ్చింది. ఆడనివాడివైపు ఉంటే సరిపోతుంది. రాయుడి బదులు తీసుకున్న విజయ్ శంకర్‌ది మూడు రకాల ప్రయోజనం అని సెలెక్టర్ అనడం, ప్రపంచకప్ చూడ్డానికి త్రీడీ కళ్లజోడు ఆర్డరిచ్చానని రాయుడు ట్వీట్ పెట్టడం లోకమంతటికీ తెలుసు. శంకర్ పాకిస్తాన్ మీద ప్రపంచకప్‌లో తన తొలి బంతికే ఇమాముల్ హక్‌ని ఔట్ చేసినా వీళ్లు చలించలేదు. మాంచెస్టర్‌లో న్యూజిలాండ్ చేతిలో సెమీఫైనల్ 18 పరుగులతో పోయినప్పుడు, రాయుడుంటే అవి ఎలా వచ్చేవో ఓవర్ ఓవర్‌కీ లెక్క చెప్పారు. 55 వన్డేల్లో 47 సగటున్నవాణ్ణి పక్కన పెట్టడం తప్పేనని నేనూ ఒప్పుకుంటాను. కాకపోతే అతను ఆడిన రోజుల్లో "స్లోగా ఆడతాడు బావా" అన్నదీ ఈ నోళ్లే.

ఇది మన ఘనత మాత్రమే అనుకుంటే అమెరికా వాళ్లు నొచ్చుకుంటారు. అక్కడ కాలేజీ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ స్థానం కోసం ఊళ్లకి ఊళ్లు ఇలాగే చీలిపోతాయట. 2018 జనవరి ఫైనల్లో అలబామా కోచ్ నిక్ సేబన్, జేలెన్ హర్ట్స్‌ని సగంలో కూర్చోబెట్టి టూవా టాగోవైలోవాని దింపాడు, గెలిచాడు. అదే ఏడాది డిసెంబరులో టూవా గాయపడితే కూర్చున్న హర్ట్స్ లేచొచ్చి మరో ట్రోఫీ మ్యాచ్ గెలిపించాడు. కూర్చున్నవాడి మహిమ గుదైబియాలో పుట్టినా అట్లాంటిక్ దాటిందన్నమాట. ఒక్కటే తేడా. అక్కడ నిర్ణయించిన మనిషి వాళ్లిద్దర్నీ రోజూ ప్రాక్టీసులో చూసేవాడు. అంత శ్రమ మనవాళ్లకి ఎందుకు?

2024 జనవరిలో ఇంగ్లండ్ వచ్చింది. హైదరాబాద్‌లో భరత్ 41, 28 కొట్టాడు. నాలుగో రోజు అంతా కూలిపోయాక అశ్విన్‌తో కలిసి ఎనిమిదో వికెట్‌కి 57 జోడించాడు. భారత్ 28 పరుగులతో ఓడింది. అతను ఇంకో 29 కొట్టుంటే గెలిచేవాళ్లం కాబట్టి ఓటమి అతనిదే అని లెక్కల మాస్టారు ఒకాయన నిరూపించారు. తర్వాత విశాఖ, సొంత మైదానం. మొదటి రోజు ఫిబ్రవరి 2 శుక్రవారం పడింది. యశస్వి 179తో అజేయంగా నిలిచిన ఆ రోజు సాయంత్రం భరత్ 17కి ఔటయ్యాడు, రెండో ఇన్నింగ్స్‌లో 6. అక్కడితో సరి. రాజ్‌కోట్‌లో ధ్రువ్ జురెల్ వచ్చి 46 కొట్టాడు, రాంచీలో 90, నాటౌట్‌గా 39.

నిజం చెప్పాలంటే ఏడు టెస్టుల్లో 221 పరుగులు, ఇరవై సగటు, ఈ రోజుల్లో కీపర్‌కి చాలవు. భరత్‌ని పక్కన పెట్టడంలో పెద్ద అన్యాయం లేదు. జురెల్ ఆ చోటు సంపాదించుకున్నాడు. కానీ రాంచీ టెస్టు ముగిసిన సాయంత్రం మన కమిటీ సభ్యులంతా "జురెల్ పేరు నేను ఎప్పుడో చెప్పాను" అన్నారు చూడండి, అది చరిత్రలో నిలిచిపోవాలి. జనవరి దాకా ఆ పేరు ఆ గదిలో ఒక్కసారీ వినబడలేదు. భవిష్యత్తుని చెప్పేవాళ్లని జ్యోతిష్కులంటారు. గతాన్ని ముందుగా చెప్పేవాళ్లని ఏమనాలో నాకు తోచలేదు. ఆ సెప్టెంబరులో చెన్నైలో పంత్ తిరిగొచ్చి సెంచరీ కొట్టాడు. జురెల్ బెంచీ ఎక్కాడు. ఆ క్షణం నుంచి అతని ఆట మరీ గొప్పదైపోయింది.

వీళ్ల చూపు ఎంత దూరం ఆనుతుందంటే దగ్గరివి కనబడవు. తాము నివసించే దేశానికీ ఒక జట్టుందని వీళ్లకి తెలియకపోవడం ఆ దూరదృష్టికి రుజువు. 2025 మార్చి 14న కౌలాలంపూర్‌లో హాంకాంగ్‌తో టై అయిన మ్యాచ్ సూపర్ ఓవర్లో బహ్రెయిన్ ఒక్క పరుగూ చేయకుండా రెండు వికెట్లూ పోగొట్టుకుంది. పురుషుల అంతర్జాతీయ టీ20 సూపర్ ఓవర్లలో సున్నా అదే మొదటిసారి. ఆ సూపర్ ఓవర్‌కి ఎవర్ని పంపి ఉండాల్సిందని ఒక్క ఫ్లాట్‌లోనూ పోట్లాట జరగలేదు. ఖల్లీవల్లీ. మనోళ్లెవరూ లేరు కదా.

వీళ్ల ప్రతిభకి అసలైన గీటురాయి మాత్రం శుక్రవారం పొద్దున్న సొంత మ్యాచ్. ఎండ ముదరకముందే ఇసుక నేల మీద మ్యాట్ పరిచి టెన్నిస్ బంతితో ఆడే ఆట. ఇక్కడ పదకొండుమందిని ఎంచే అధికారం నిజంగా వీళ్లదే, బోర్డు లేదు, అడ్డుచెప్పే కోచ్ లేడు. రాత్రంతా స్పెషలిస్ట్ కీపర్ కావాలా, బ్యాటింగ్ వచ్చిన కీపర్ కావాలా అని గొంతులు బొంగురుపోయేలా వాదించినవాళ్లు గ్లౌజులు ఎవరికిస్తారో చూడాలని నేనూ వెళ్లాను. ఓపెనర్‌గా జెర్సీలకి స్పాన్సర్‌షిప్ ఇచ్చినాయన దిగాడు. కెప్టెన్, కిట్టు తన పికప్‌లో మోసుకొచ్చినాయన. మిగతా బ్యాటింగ్ వరస, ఎంట్రీ ఫీజు ముందుగా కట్టిన వరస. గ్లౌజులు స్పాన్సర్ గారి బావగారికి. పెద్దాయన పరిగెత్తలేరు, బౌలింగ్ వెయ్యలేరు, అందుకని కీపింగ్. దేశం కోసం రెండేళ్లు నిద్ర మానేసి సాధించిన సిద్ధాంతాలు సొంత మైదానంలో ఇలా అమలయ్యాయి. మూడో ఓవర్‌కి బైలు పద్దెనిమిది.

సల్మాబాద్ క్యాంపు నుంచి ఒక కుర్రాడొస్తాడు, ఊరు జగిత్యాల వైపు, సెంట్రింగ్ పని. ఆట మొదలవకముందు సరదాగా క్యాచ్‌లు విసురుకుంటుంటే లెగ్ సైడ్ పోయిన బంతిని ఒంటిచేత్తో అందుకున్నాడు, అదీ గ్లౌజుల్లేకుండా. అందరూ చప్పట్లు కొట్టారు. "సూపర్ రా తమ్ముడూ, నువ్వు ఇండియాలో ఉండాల్సినోడివి" అన్నాడు కెప్టెన్, ఎంతో మనస్ఫూర్తిగా. తర్వాత స్కోరు పుస్తకం అతని చేతిలో పెట్టారు. ఎంట్రీ ఫీజు కట్టలేదు, మ్యాచ్‌కి రావాలంటే ఎవరో ఒకరు కారులో ఎక్కించుకు రావాలి, ఒక్కోసారి శుక్రవారం కూడా ఓవర్‌టైం పడుతుంది. అలాంటి మనిషిని నమ్ముకుని జట్టు ఎలా కడతారు? క్రమశిక్షణ అనేది ఒకటుంటుంది కదా. ఎండలో గొడుగు లేకుండా కూర్చుని బావగారు వదిలేసిన బైలన్నీ ఒక్కటీ తప్పకుండా రాశాడు. కూర్చున్నవాడే మొనగాడనే సూత్రం ప్రకారం ఆ జట్టులో అతన్ని మించిన ఆటగాడు లేడు. ఆ సంగతి కమిటీ ఎప్పుడో గుర్తించి, అక్కడే కూర్చోబెట్టింది.

నిన్న గురువారం రాత్రి వాట్సాప్‌లో వచ్చే మ్యాచ్‌కి జట్టు వచ్చింది. మార్పులేమీ లేవు. దాని కిందే నితీశ్ కుమార్ రెడ్డిని టెస్టుల్లో ఏ స్థానంలో దింపాలన్న చర్చ మొదలై, తెల్లారేసరికి నూటడెబ్బై మెసేజ్‌లైంది. మధ్యలో ఒకరు, బావగారి మోకాలికి మందు రాయించామని, ఈసారి వంగగలరనే ఆశ ఉందని రాశారు.