మైపాడులో పడమటి సూర్యుడు

తక్కువ ఖర్చు ప్రేమకథలన్నీ సముద్రం ఒడ్డుకే ఎందుకు చేరతాయంటే, అక్కడ సెట్టుకి అద్దె లేదు, అలలకి బేటా లేదు. మా మేనల్లుడు ఈ లెక్క వేసుకునే అద్దె కెమెరాతో మైపాడులో దిగాడు. నెల్లూరికి దాదాపు 25 కిలోమీటర్లు కాబట్టి భోజనం ఇంటినుంచే వెళ్తుంది. క్యారేజీలతో పాటు నేనూ వెళ్ళాను.

వాడికి ఆదర్శం 2018లో వెంకటేశ్ మహా తీసిన 'కేరాఫ్ కంచరపాలెం'. అందులో కథానాయకుడు పెళ్ళికాని 49 ఏళ్ళ అటెండరు. తెర మీద చాలామంది ఆ ఊరివాళ్ళే. డబ్బు పెట్టిన పరుచూరి ప్రవీణ అమెరికాలో గుండె డాక్టరు. సలీమా వేషమూ ఆమే వేశారు.

"చూశావా మామయ్యా, నిర్మాతే నటిస్తే ఒక పారితోషికం మిగిలినట్టే" అన్నాడు నావైపు అదోలా చూస్తూ. నేను క్యారేజీ మూత బిగించాను.

ఆ రోజు ప్రేమికులు విడిపోయే ఘట్టం. సూర్యుడు సముద్రంలో మునుగుతుంటే హీరోయిన్ ఏడవాలి. చిక్కల్లా మనది తూర్పు తీరం కావడమే. మైపాడు సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడే గానీ అందులో మునగడు. వాలేది వెనక రొయ్యల గుంటల వైపు. అక్కడ ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతుంటే విరహం పండదు. అందుకని సూర్యోదయాన్నే తీసి, ఎడిటింగులో వెనక్కి తిప్పాడు. సూర్యుడు బుద్ధిగా మునిగాడు. కానీ అలలు ఒడ్డు విడిచి సముద్రంలోకి పాకాయి, కన్నీళ్ళు బుగ్గల మీంచి కళ్ళలోకి ఎక్కాయి, చేపల తట్ట నెత్తిన పెట్టుకున్న పెద్దమ్మ ఒకామె వెనక్కి నడిచింది.

పెద్ద సినిమా అయితే ఆమెను తాడు కట్టి అవతలే ఆపేవాళ్ళు. మావాడి దగ్గర తాడుకి డబ్బుల్లేవు. చిన్న సినిమాల్లో ఊళ్ళు అంత సహజంగా కనబడటానికి కారణం ఇదే. ఊరిని పక్కకు జరిపే స్తోమత వాళ్ళకు ఉండదు.

మర్నాడు ఆ పెద్దమ్మే వచ్చి నిలదీసింది.

"ఏంది నాయనా, ఆ బిడ్డ నిన్నట్నించీ ఏడస్తానే ఉండాది. అన్నం పెట్టలేదా?"

మావాడు సూర్యాస్తమయం కష్టం చెప్పుకున్నాడు.

"ఏడుపు మాపటిదాకా ఆగుద్దా అబ్బయ్యా? అప్పులోళ్ళు వచ్చేది తెల్లారతానే. మా ఇళ్ళల్లో ఏడుపులన్నీ పొద్దన్నే."

కథ మారిపోయింది. ఇప్పుడు ప్రేమికులు పొద్దున్నే విడిపోతారు, సూర్యుడు తన పద్ధతిలో తను లేస్తాడు. పెద్దమ్మ మాట యథాతథంగా హీరోయిన్ తల్లి డైలాగయింది. టైటిల్సులో 'మాటలు' అన్నచోట మావాడి పేరే ఉంది.

"ఆమెకేమన్నా ఇచ్చావురా?" అనడిగాను.

"ఆమె దగ్గరే రొయ్యలు కొన్నాం కదా మామయ్యా" అన్నాడు గర్వంగా, "కిలోకి యాభై తగ్గించి మరీ!"