అయిదు పౌండ్లు

స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ పుట్టిన అలోవే, ఎయిర్ పట్టణాన్ని ఆనుకునే ఉంటుంది. కవి పోయిన అయిదేళ్ళకు, 1801లో, తొమ్మిదిమంది మిత్రులు ఆయన పుట్టిన ఇంట్లోనే చేరి ఆయన పేరున తొలి విందు చేసుకున్నారు. ఇప్పుడది ఏటా ఆయన పుట్టినరోజు జనవరి 25న జరుగుతుంది. ఎయిర్‌లో ఒక రిటైర్డు బ్యాంకు మేనేజరు గారింట్లో మాత్రం అది విందు కాదు, ఏకపాత్రాభినయం.

ఆ సాయంత్రం పెద్దాయన గళ్ళ కిల్టు బిగించారు. నడుం పట్టీ ఆఖరి బెజ్జానికి వచ్చింది. బ్యాగ్‌పైపు ఊదేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి మనవరాలు ఫోన్లో పెట్టింది. అందరూ లేచి చప్పట్లు చరుస్తుంటే కోడలు పళ్ళెంలో హ్యాగిస్ పట్టుకొచ్చింది. గొర్రె గుండెకాయ, కార్జం, ఊపిరితిత్తులు సన్నగా కొట్టి, ఓట్స్, కొవ్వు, ఉల్లిపాయ, మిరియాలపొడి కలిపి తిత్తిలో కూరి ఉడికించిన ముద్ద అది. పెద్దాయన దాని ఎదుట నిలబడి, దాన్ని పొగుడుతూ బర్న్స్ రాసిన పద్యాన్ని చూడకుండా అప్పజెప్పారు. కత్తి మాట వచ్చే చోట కస్సున దింపారు. గుప్పున ఆవిరి, దానితోపాటు చిన్న ముక్కొకటి ఎగిరి కళ్ళజోడు మీద పడ్డాయి. ఆయన తుడుచుకోలేదు. పద్యం మధ్యలో ఆగకూడదు కదా!

ఆ హ్యాగిస్‌ను ఉడకబెట్టిందీ, పక్కన నంజుకోవడానికి దుంపలు ఒలిచి మెదిపిందీ పెద్దావిడ. అది ఏ దేశంలోనైనా ఉన్న కథే.

భోజనాలయ్యాక విస్కీ గ్లాసు పట్టుకుని పెద్దాయన లేచారు. కవిని తలచుకునే ప్రధాన ఉపన్యాసం ప్రతి ఏడూ ఆయనదే. 1786లో కిల్మార్నాక్‌లో అచ్చయిన తొలి పుస్తకం, 612 ప్రతులు, వెల మూడు షిల్లింగులు అని మొదలుపెట్టి మెల్లగా 1796 జులైకి వచ్చారు. అక్కడికొచ్చేసరికి ఏటా ఆయన గొంతు పూడుకుపోతుంది.

“మంచం పట్టిన మనిషి! యూనిఫాం బాకీ కట్టకపోతే జైలుకు పంపిస్తానంటాడు బట్టల వర్తకుడు. జార్జ్ థామ్సన్ పాటల సంపుటాలకు ఏళ్ళతరబడి ప్రతిఫలం ఆశించకుండా పాటలు రాసిచ్చిన చేత్తోనే ఆ థామ్సన్‌కు ఉత్తరం రాసుకున్నాడు, అయిదు పౌండ్లు పంపించమని. తొమ్మిది రోజులకు పోయాడు. ముప్పై ఏడేళ్ళకే! అయిదంటే అయిదు పౌండ్లకు కవి దేవిరించేలా చేసిన జాతి మనది. ఆనాడు నేనే ఉండి ఉంటే ఒంటిమీది కోటు అమ్మి ఇచ్చేవాణ్ణి!”

కోడలు కళ్ళొత్తుకుంది. అందరూ గ్లాసులెత్తారు.

ఇదే సమయమనుకున్నాడో ఏమో, కాలేజీలో చదివే మనవడు సంచీలోంచి ఒక పల్చటి పుస్తకం తీసి తాత ముందు పెట్టాడు. రెండు పిన్నులు కొట్టిన బుక్‌లెట్. అట్టమీద వాడి పేరే.

“కవిత్వమా! మా వంశంలో కవి!” అంటూ పెద్దాయన కళ్ళజోడు తుడుచుకున్నారు. పుస్తకం తెరవలేదు, తిప్పి వెనకట్ట చూశారు. “అయిదు పౌండ్లా?”

“అచ్చు ఖర్చు తాతయ్యా. ఇంకా ప్రెస్సువాళ్ళకు బాకీ ఉన్నాను.”

“తాత దగ్గరా డబ్బులు తీసుకుంటావట్రా? సంతకం పెట్టి ఒకటి ఇలా పడెయ్. తీరిగ్గా చదువుతాలే.”

మనవడు జేబులోంచి పెన్ను తీశాడు.

తర్వాతి అంశం ఆడవాళ్ళ గౌరవార్థం మగవాళ్ళ ప్రసంగం. పెద్దాయనే రెండు చమత్కారాలు విసిరి కూర్చున్నారు. దానికి జవాబు చెప్పడం ఆడవాళ్ళ వంతు. నవ్వించే జవాబే అవుతుందని అందరూ కుర్చీలు ఇటు తిప్పుకున్నారు. పెద్దావిడ తడిచెయ్యి ఏప్రానుకు తుడుచుకుంటూ వంటగది గుమ్మంలోకి వచ్చింది.

“మా ఆయన ఉపన్యాసంలో ప్రతి ఏడూ ఒక ముక్క మర్చిపోతారు. ఆ అయిదు పౌండ్లూ థామ్సన్ పంపించాడు.”