కొట్టువాని వాక్యానికి దర్శి వ్యాఖ్య

అవతారిక: దర్శి పట్టణమందు, మిర్చి మంచి ధర పలికిన ఒకానొక ఏడాది, పాటల పిచ్చిగల గృహస్థొకడు హైదరాబాదు పోయి, హార్బెత్, స్పెండార్ అను రెండు ఇంగ్లీషు కంపెనీల చిన్న స్పీకర్ల నడుమ ఎటూ తేల్చుకోలేక నిలువగా, కొట్టువాడు కరుణించి పలికినది.

మూలం: "రెండూ ఒకటే సార్, కానీ ఇది వేరే లెవెలు."

టీక: రెండూ = రెండు జతలును; ఒకటే = ఒకే వంశమువి; సార్ = ఓ కొనబోవువాడా; కానీ = బిల్లు పెరుగబోవుచున్నది సుమా; ఇది = స్టాకు మిగిలినది; వేరే లెవెలు = అడిగినను వివరింపరానిది.

అలంకారము విరోధాభాసము. "లెవెలే వేరు" అని పాఠాంతరము. అర్థభేదము లేదు, ధరాభేదము కలదు.

వంశము ఒకటే యెట్లన: 1970లలో బీబీసీవారు ప్రసారపు వ్యానుల ఇరుకులో వినుటకు ఎల్ఎస్3/5ఏ అను చిన్న పెట్టె చేసికొనిరి. ఆ బీబీసీలో పనిచేసినవారే ఈ రెండు కంపెనీలు పెట్టిన ఇద్దరును. స్పెన్సర్ హ్యూస్ తన పేరును భార్య డోరతీ పేరును అతికి స్పెండార్ అనెను. డడ్లీ హార్వుడ్ 1977లో తన పేరునకు భార్య ఎలిజబెత్ పేరు తగిలించి హార్బెత్ అనెను. పెళ్లాం పేరు పెట్టినవాడు నాసిరకం చేయడని మా నమ్మిక.

ఆక్షేపము: ఒకటే అయినచో కొట్టులో ఒకటి బాగా వినబడెనేమి?

సమాధానము: బాగా కాదు, గట్టిగా. ఒకటి 3 డెసిబెల్స్ తక్కువ పలికినచో, దానిని సమానము చేయుటకు ఆంప్లిఫయర్ రెట్టింపు శక్తి పోయవలెను. తేడా మరీ కొద్దిదైనచో చెవి దానిని మోత అనుకొనదు, "అబ్బ, ఎంత స్పష్టం!" అనుకొనును. కావున మీటరు పెట్టి మోత సమము చేసి, అడ్డముగా పలుచని వాయిలు చీర కట్టి వినవలెను. దుప్పటి పనికిరాదు, అది హెచ్చుస్వరములను మింగును. చీర యెందుకన, 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అను పండితులు అవే స్పీకర్లను చూపించి ఒకమారు, తెరచాటున ఒకమారు వినిపింపగా, కంటబడినప్పుడు పెద్దవాటికి మార్కులు పెరిగెను, చిన్నదానికి తరిగెను.

పరీక్షకు ఘంటసాల భగవద్గీత వలదు. పెట్టిన పది నిమిషములకు పక్కింటి పిన్నిగారు కొంగు కప్పుకొని వచ్చి "ఎవరు పోయారబ్బాయ్?" అనును.

తాత్పర్యము: ఏదైనా కొనుము.

విశేషము: అసలు గొడవ గదిది. మన కొత్త ఇళ్లకు నేలమీద చీమకుర్తి గ్రానైటు, చుట్టూ సిమెంటు గోడలు, పైన స్లాబు. చప్పట్లు కొడితే గలగల తిరిగి వచ్చును. పన్నెండడుగుల గోడల మధ్య సుమారు 47 హెర్ట్జ్ దగ్గరను, దానికి రెట్టింపు 94 దగ్గరను మంద్రము ఉబ్బును. తబలా గుయ్యిమనును, ఎడమ చేయి దరువేదో తెలియదు. అప్పుడు స్పీకరును మూలనుండి రెండడుగులు ఇవతలికి జరిపిన వచ్చు మార్పు, హార్బెత్తుకు స్పెండారుకు నడుమనున్న తేడాకన్న పెద్దది. దానికి జీఎస్టీ లేదు. గలగలకు మందు మన పత్తిచేలలోనే పుట్టుచున్నది. డబుల్ కాట్ దూది పరుపును ఎదుటి గోడకు నిలబెట్టిన చాలును.

ఆక్షేపము: మరి ఇంటిల్లిపాదీ దేనిమీద పడుకొనవలెను?

ఇది గ్రంథవిస్తరభీతిచే విడువబడినది.