నెయ్యికీ ఒక పార్టీ ఉంది

2024 సెప్టెంబరు 18న కూటమి ఎమ్మెల్యేల సమావేశంలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు, గత వైఎస్సార్‌సీపీ ప్రభుత్వ హయాంలో శ్రీవారి లడ్డూకి వాడిన నెయ్యిలో జంతువుల కొవ్వు కలిసిందన్నారు. మర్నాడు తెల్లారేసరికి ఆంధ్రదేశంలో ప్రయోగశాల వెలవని ఇల్లు లేదు. గుజరాత్‌లోని ఆనంద్‌లో జాతీయ పాడి అభివృద్ధి మండలి (ఎన్‌డీడీబీ) వాళ్లు గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రాలు పెట్టుకుని కొలతలు తీసి, ఏయే పరిస్థితుల్లో ఈ ఫలితం తప్పు కావచ్చో కూడా ఆ నివేదికలోనే రాసి పంపారు. పాపం, వాళ్లకి మన పద్ధతి తెలియదు. మన పద్ధతికి నెయ్యే అక్కర్లేదు, చెప్పేవాడి మెడలో కండువా రంగు చాలు. పసుపు కండువాకి కొవ్వు కనబడింది, నీలం కండువాకి ఆవుపాల కమ్మదనం కనబడింది. సుప్రీంకోర్టుకి మాత్రం సందేహాలు వచ్చాయి. పరీక్షకు పంపిన నెయ్యినే లడ్డూకి వాడారా అని సెప్టెంబరు 30న అడిగింది, కనీసం దేవుళ్లనైనా రాజకీయాలకు దూరంగా ఉంచమంది, అక్టోబరు 4న ఐదుగురితో స్వతంత్ర దర్యాప్తు బృందాన్ని (సిట్) వేసింది. 2025 ఫిబ్రవరిలో ఆ సిట్ నలుగురిని అరెస్టు చేసేనాటికి ఇరుపక్షాల తీర్పులూ వెలువడి దాదాపు ఐదు నెలలైంది. అప్పీలుకు అవకాశం లేని తీర్పులవి.

ఈ గొడవలో మామూలు బుద్ధి ఉన్న మనిషి రెండు మాటలు అనొచ్చు. నెయ్యి సరఫరాలో మోసం జరిగితే అది నిగ్గు తేలాలి, ఎంతటివాడికైనా శిక్ష పడాలి. అలాగే, విచారణ మొదలుకాకుండానే కోట్లమంది కళ్లకద్దుకునే ప్రసాదం గురించి ముఖ్యమంత్రి స్థాయి మనిషి అలా ప్రకటించడం సబబు కాదు. ఈ రెండూ ఒకే నోట రావడానికి ఏ అడ్డూ లేదు, ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కాదు. కానీ తిరుపతిలో మొదటి మాట అన్నవాడు పచ్చ బ్యాచ్, రెండో మాట అన్నవాడు పేటీఎం బ్యాచ్, రెండూ అన్నవాడు గోడ మీద పిల్లి. 2025 జనవరి 8న వైకుంఠద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయినప్పుడూ ఇదే వరస. ఏ గేటు ఎందుకు తెరిచారు, క్యూలో ఎంతమంది పట్టే చోటుంది, టోకెన్లు అలా ఒక్కచోటే గుంపులు కట్టించి ఇవ్వాలా అని అడిగేవాడికి జవాబుగా దొరికేది ఎదురుప్రశ్న: "ఏమబ్బా, నువ్వు ఏ పార్టీ?" రోడ్డు గుంతకీ, కాలువ కంపుకీ, ఆసుపత్రిలో మందులు లేకపోవడానికీ మన దగ్గర వాడే జవాబు ఇదొక్కటే. దీనికి ఖర్చు లేదు, గుంత పూడ్చే పని లేదు.

ఈ ప్రశ్న అడిగేవాళ్ల నిష్ఠను తక్కువ చేయలేం. వాళ్లు పార్టీ మారరు. మారేది వాళ్ల నాయకులే, అదీ ఉమ్మడి చిత్తూరు జిల్లాలో మారినంత ధారాళంగా ఎక్కడా మారి ఉండరు. నారావారిపల్లెలో పుట్టిన చంద్రబాబు 1978లో చంద్రగిరి నుంచి గెలిచింది కాంగ్రెస్ టికెట్ మీద. 1983లో అదే చంద్రగిరిలో తెలుగుదేశం చేతిలో ఓడి, ఆ తెలుగుదేశంలోనే చేరారు. చింతా మోహన్ 1984లో తెలుగుదేశం ఎంపీగా తిరుపతి నుంచి గెలిచి, తర్వాత అదే ఊరికి కాంగ్రెస్ ఎంపీ అయ్యారు. రోజా తెలుగుదేశం అభ్యర్థిగా 2004లో నగరిలో, 2009లో చంద్రగిరిలో ఓడి, వైఎస్సార్‌సీపీ తరఫున నగరిలో రెండుసార్లు గెలిచారు. పలమనేరు అమరనాథరెడ్డి 2014లో వైఎస్సార్‌సీపీ టికెట్‌పై గెలిచి, తెలుగుదేశం ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. ఉమ్మడి రాష్ట్రానికి చివరి ముఖ్యమంత్రి నల్లారి కిరణ్‌కుమార్‌రెడ్డిది మరీ పెద్ద ప్రయాణం: 2014లో కాంగ్రెస్ వదిలి చెప్పుల గుర్తుతో జై సమైక్యాంధ్ర పార్టీ, 2018లో మళ్లీ కాంగ్రెస్, 2023లో బీజేపీ. గుర్తును మాత్రం ప్రయాణానికి తగ్గట్టే ఎంచుకున్నారు. 2019 తిరుపతి పార్లమెంటు పోటీలో వైఎస్సార్‌సీపీ అభ్యర్థి ఒకప్పటి తెలుగుదేశం మంత్రి, తెలుగుదేశం అభ్యర్థి ఒకప్పటి కాంగ్రెస్ కేంద్రమంత్రి. 2024లో చిత్తూరు వైఎస్సార్‌సీపీ ఎమ్మెల్యే జనసేనలో చేరి తిరుపతి ఎమ్మెల్యే అయ్యారు, 2014లో గెలిచిన వైఎస్సార్‌సీపీ ఎంపీ బీజేపీ అభ్యర్థిగా నిలబడ్డారు. అభిప్రాయ స్వాతంత్ర్యం మన నాయకులకు పుష్కలంగా ఉంది. అది ఊళ్లో ఇంకెవరికీ మిగలకుండా వాళ్లే వాడేసుకున్నారు.

నాయకుడు కదిలినప్పుడల్లా అభిమాని తన పాత నమ్మకాన్ని రాత్రికి రాత్రి కాల్చేసి పొద్దున్నే కొత్తది తొడుక్కోవాలి, పైగా అదే ఎప్పటి నుంచో తన నమ్మకమన్నట్టు నిలబడాలి. అలిపిరి దీనికి మంచి సాక్షి. 2014 ఏప్రిల్ 30న తిరుపతిలో మోదీ, చంద్రబాబు, పవన్ కల్యాణ్ ఒకే వేదిక మీద నిలబడ్డారు. సరిగ్గా నాలుగేళ్లకు, 2018 ఏప్రిల్ 30న, ప్రత్యేక హోదా ఇవ్వని మోదీ మీద చంద్రబాబు అదే తిరుపతిలో ధర్మపోరాట సభ పెట్టారు. మే 11న అమిత్ షా కొండ దిగి వస్తుంటే అలిపిరిలో తెలుగుదేశం కార్యకర్తలు నల్లజెండాలు పట్టారు, కాన్వాయ్ మీద రాళ్లూ పడ్డాయి. 2024లో కూటమి కుదిరి తిరుపతి పార్లమెంటు సీటు బీజేపీకి వెళ్లాక, నల్లజెండా పట్టిన చేతులే కమలం గుర్తు పట్టుకుని ఇంటింటికీ తిరగాల్సి వచ్చింది. అవతలివాళ్లు నవ్వుకోనక్కర్లేదు. 2014లో అసెంబ్లీలో విజయవాడ ప్రాంతంలో రాజధానికి జగన్ సరేనన్నారు, అభిమానులూ సరేనన్నారు. 2019 డిసెంబరులో మూడు రాజధానులన్నారు, అభిమానులకి అమరావతి మొదటి నుంచీ నచ్చలేదని గుర్తొచ్చింది. ఎంపీలందరినీ గెలిపిస్తే హోదా కోసం కేంద్రం మెడలు వంచుతామన్న పార్టీ, 22 మంది ఎంపీలు గెలిచాక, ఢిల్లీలో ఎవరి మద్దతూ అవసరం లేని ప్రభుత్వం వచ్చింది గనక అడుగుతూనే ఉందామంది. ఆ వంచుడు ఏమైందని ఆ పార్టీలో ఒక్క కార్యకర్త అయినా గట్టిగా అడిగిన దాఖలా లేదు. వీళ్లు ఏ అభిప్రాయానికీ కట్టుబడినవాళ్లు కాదు, ఒక మనిషికి కట్టుబడినవాళ్లు. ఆ మనిషి అభిప్రాయం మారిన ప్రతిసారీ మారుతూ కూడా, మారనిది తామేనని, పార్టీ లేనివాడిదే నిలకడలేనితనమని చెప్పగలరు.

దీనికి ఒక గట్టి ఆక్షేపణ ఉంది, దాన్ని ఎగతాళితో దాటేయడం కుదరదు. మండలంలో బతికేవాడికి పార్టీ అంటే అభిప్రాయం కాదు, ఆసరా. పింఛను జాబితాలో పేరు, ఇంటి స్థలం పట్టా, పోలీసు స్టేషన్లో ఒక మాట, చిన్న కాంట్రాక్టు పని, ఊళ్లో పరపతి నిలబెట్టే బ్రేక్ దర్శనం సిఫార్సు లేఖ ఇవన్నీ పార్టీ గుమ్మంలోంచే వస్తాయి. తిరుమల కొండ మీద ట్రస్టు బోర్డే ప్రభుత్వంతో పాటు మారుతుంటే, కింద వార్డులో మనిషి తటస్థంగా ఉండాలనడం అన్నం తిన్నవాడి ఉపన్యాసమే. ఒప్పుకోవాల్సిందే. కానీ ఈ వాదన రుజువు చేసేది ఏమిటి? అతను పార్టీకి బందీ అని. మెచ్చి చేరాడని కాదు. బందీ అయినవాడు ఆ సంగతి తెలుసుకుని జాగ్రత్తగా మసలుకుంటే అది లోకజ్ఞానం. ఆ బందిఖానాకి రంగువేసి, పక్కింటివాడు కూడా అందులోకి రావాలని కర్ర పట్టుకుంటేనే చిక్కు. 2024 మే 13న పోలింగ్ అయిన మర్నాడే తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం స్ట్రాంగ్ రూముల దగ్గర చంద్రగిరి తెలుగుదేశం అభ్యర్థి మీద దాడి జరిగింది, ఊరంతా అట్టుడికింది, ఎన్నికల సంఘం ఎస్పీని బదిలీ చేసింది. ఇలాంటి గొడవల్లో కోర్టు వాయిదాలకి తిరిగేది కుర్రాళ్లే. వాళ్లు తిరుగుతుండగానే నాయకులు ఒకరి పెళ్లిళ్లలో ఒకరు అక్షింతలు వేసుకుంటారు. వాళ్లకి బంధుత్వాలు ఎన్నికల కన్నా పాతవి.

పార్టీలేని ఓటు వృథా అనేది ఇంకో మాట. లెక్కలు చూద్దాం. 2019లో చిత్తుగా ఓడి 23 సీట్లకు పడిపోయిన తెలుగుదేశానికి వచ్చిన ఓట్లు 39 శాతానికి కాస్త ఎక్కువ. 2024లో అంతకన్నా చిత్తుగా ఓడి 11 సీట్లకు పడిపోయిన వైఎస్సార్‌సీపీకి వచ్చినవీ 39 శాతానికి కాస్త ఎక్కువే. అంటే ఎంత గాలి వీచినా నూటికి నలభై మంది దాకా కదలడం లేదు. రెండు వైపులా అంతే. వైఎస్సార్‌సీపీ ఓట్లు 2019లో దాదాపు యాభై శాతం. అయిదేళ్లలో తగ్గింది నూటికి పది మంది. పొత్తుల లెక్కా ఇందులో ఉంది, కాదనను. అయినా 151 సీట్ల పార్టీని 11కి దించడంలో ఆ పదిమందిదే పెద్ద చెయ్యి. జెండాలు మోసి, గొంతులు చించుకుని, తలలు పగలగొట్టుకున్న ఎనభై మంది ఒకరినొకరు కొట్టేసుకుని సున్నా అయ్యారు. ప్రభుత్వాలని మార్చింది ఎవరికీ చెప్పకుండా బూత్‌లోకి వెళ్లి వచ్చినవాళ్లు. పార్టీలు బతిమాలేది, మేనిఫెస్టోలు రాసేది, పథకాలు ప్రకటించేది వీళ్ల కోసమే. తనవాడని తెలిసినవాడికి ఎవరూ ఏమీ ఇవ్వరు, కండువా తప్ప. అసలు అంత ఖాయంగా పడే ఓటే వృథా ఓటు.

నోటా సంగతి వేరే. 2019లో తిరుపతి పార్లమెంటు స్థానంలో నోటా పాతికవేలు దాటి, కాంగ్రెస్‌నీ బీజేపీనీ వెనక్కి నెట్టి మూడో స్థానంలో నిలిచింది. ముచ్చటే. కానీ నోటా మొదటి స్థానంలో నిలిచినా గెలిచేది రెండోవాడే. కోపం చూపించడానికి పనికొస్తుంది, అంతే.

కొత్త పార్టీ పెడితే సరిపోతుందనేవాళ్లకి తిరుపతిలో చెప్పడానికి ఉదాహరణ వెతకనక్కర్లేదు. 2008 ఆగస్టు 26న చిరంజీవి ప్రజారాజ్యం పెట్టింది ఇక్కడే. రెండు పార్టీలకీ బయట మార్పు అన్నారు, జనం పోటెత్తారు, 2009లో తిరుపతి ఆయన్ని గెలిపించింది కూడా. 18 మంది ఎమ్మెల్యేలతో ఆ మార్పు 2011లో కాంగ్రెస్‌లో విలీనమైంది, నాయకుడు కేంద్రమంత్రి అయ్యాడు. కుల సంఘాలు, అభిమాన సంఘాలు కలిపి కట్టిన మూడో గుంపు మొదటి రెండు గుంపుల కన్నా భిన్నంగా ఉంటుందని ఎందుకనుకున్నామో! పార్టీకి బయట ఆలోచించడమంటే ఇంకో పార్టీ కాదు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి తన కోసమే కట్టిన ప్రపంచవ్యాప్త సంస్థకి తానే అధిపతిగా ఉండి, 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఒమ్మెన్‌లో వేలమంది అనుచరుల ఎదుట దాన్ని రద్దు చేశాడు, వచ్చిన ఆస్తులు తిరిగి ఇచ్చేశాడు. గమనించండి, ఆయన రద్దు చేశాడు. విలీనం చేయలేదు.

అయితే పార్టీ మారిన నాయకులందరినీ స్వతంత్రులే అనుకోవచ్చు కదా అని ఎవరైనా కొంటెగా అడగొచ్చు. తేడా తెలుసుకోవడం తేలిక: కదిలినవాడు ఎటు కదిలాడో చూడాలి. చిత్తూరు కట్టమంచికి చెందిన సి.ఆర్. రెడ్డి జస్టిస్ పార్టీ మనిషి. ఆ పార్టీ మద్రాసులో అధికారంలో ఉండగా బయటికొచ్చి, 1923 నవంబరులో పానగల్లు రాజా ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం నడిపాడు. 44కి 65 ఓట్లతో ఓడిపోయాడు. పదవి దక్కలేదన్న అక్కసు కూడా అందులో ఉండొచ్చు, మనుషులు అంత స్వచ్ఛంగా ఉండరు. కానీ 1930లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్ష పదవి చేతిలోనే ఉంది. ఉప్పు సత్యాగ్రహులపై ప్రభుత్వం జరిపిన దమనకాండకు నిరసనగా దాన్నీ వదిలేశాడు. అధికారం నుంచి బయటికి నడిచినవాళ్లు చిత్తూరు జిల్లాలో ఇలా అరుదుగా దొరుకుతారు. అధికారం వైపు నడిచినవాళ్ల పేర్లు రాయాలంటే ఈ పత్రిక చాలదు.

వాళ్లలో ఒక జట్టు తిరుపతి కార్పొరేషన్‌లో కనబడింది. 2021 మార్చిలో 49 డివిజన్ల ఫలితాల్లో వైఎస్సార్‌సీపీకి 48, తెలుగుదేశానికి ఒకటి వచ్చాయి. 2025 ఫిబ్రవరి 4న ఎస్వీ యూనివర్సిటీ సెనేట్ హాల్లో డిప్యూటీ మేయర్ ఎన్నిక జరిగితే తెలుగుదేశం అభ్యర్థికి 26 ఓట్లు, వైఎస్సార్‌సీపీ అభ్యర్థికి 21. అంతకుముందు రోజు బస్సు అడ్డగింతలూ అద్దాలు పగలడమూ జరిగాయి. ఒకటీ అరా ఎక్స్‌అఫీషియో ఓటు తీసేసినా, ఒక్కటి పాతిక ఎలా అయిందో ఓటర్లకి ఎవరూ చెప్పలేదు. ఈ మధ్యలో వాళ్లని ఎవరూ మళ్లీ ఓటడగనూ లేదు. అందుకే ఓటర్లకి ఒక విన్నపం: ఈసారి కార్పొరేటర్ అభ్యర్థి కండువా వేసుకుని గుమ్మంలోకి వచ్చినప్పుడు, వాళ్ల మనుషులు మిమ్మల్ని అడగకముందే మీరే అడగండి, ఏ పార్టీ అని. జవాబు చెప్పాక, ఎప్పటిదాకా అని కూడా అడగండి.